పాతబడ్డ ఇంటి ఫైల్ సర్వర్: ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఇంట్లో ఓ మూలన ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తున్న ఫైల్ సర్వర్‌ని మార్చాలనుకోగానే చాలామంది మొదట కొత్త ప్రాసెసర్ల గురించి చదవడం మొదలుపెడతారు. ఆ పెట్టెలో అన్నిటికంటే ఆలస్యంగా పాతబడేది ప్రాసెసరే. ఫైళ్లు దాచడం, అడిగినప్పుడు ఇవ్వడం అనే పనికి పదేళ్ల కిందటి ప్రాసెసర్ ఇప్పటికీ సరిపోతుంది. పాతబడేవి వేరే ఉన్నాయి. డిస్కులు, పవర్ సప్లై, సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్. వీటిలో ఒక్కోదానిది ఒక్కో వయసు, ఒక్కో రకం జబ్బు. అన్నిటినీ కలిపేసి సర్వర్ పాతదైపోయింది అనుకుంటే, ఏది ఎందుకు మారుస్తున్నామో తెలియకుండానే డబ్బు ఖర్చయిపోతుంది.

డబ్బు కంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. సర్వర్ జీవితకాలంలో డేటాకి ఎక్కువ ప్రమాదం ఉండేది అప్‌గ్రేడ్ చేసే రోజుల్లోనే. ఏళ్లుగా కదలని డిస్కుల్ని బయటికి లాగుతాం, కేబుళ్లు మారుస్తాం, కొత్త సిస్టమ్ ఇన్‌స్టాల్ చేస్తూ ఏ డిస్కుని ఫార్మాట్ చేయాలో లిస్టులోంచి ఎంచుకుంటాం. అక్కడ ఒక్క తప్పు క్లిక్ చాలు. అందుకే ఏం కొనాలి అనే ప్రశ్న కంటే ఏ పని తర్వాత ఏ పని చేయాలి అనే ప్రశ్నకే నేను ఎక్కువ విలువిస్తాను.

డిస్కు ఏం చెబుతోంది?

ప్రతి హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి లోపల ఒక చిట్టా రాసుకుంటుంది. దాన్నే స్మార్ట్ అంటారు. స్మార్ట్‌సీటీఎల్ అనే ఉచిత టూల్‌తో దాన్ని చదవచ్చు. చాలామంది అందులో పైన కనిపించే పాస్‌డ్ అన్న ఒక్క మాట చూసి ఊరుకుంటారు. ఆ మాటని నమ్ముకోవడం మంచిది కాదు. తయారీదారు పెట్టిన హద్దు దాటితే తప్ప అది ఫెయిల్డ్‌గా మారదు. చదవలేని సెక్టార్లు (డిస్కు మీద డేటా రాసే చిన్న గడులు) పదుల్లో ఉన్న డిస్కులు కూడా దర్జాగా పాస్ అవుతూనే ఉంటాయి.

చూడాల్సింది కింద ఉండే పట్టికని. అందులో 9వ నంబరు వరస డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, అక్కడ 44,000 ఉంటే ఆ డిస్కు ఐదేళ్లు పనిచేసిందని అర్థం. 5వ వరస, పాడైపోయి పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క. 197వ వరస ఇంకా ఏ సంగతీ తేలని సెక్టార్ల లెక్క. డిస్కు ఒక చోట చదవబోయి చదవలేకపోతే దాన్ని వెంటనే తీసేయదు, పెండింగ్ అని గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా అదే చోట కొత్తగా రాయాల్సి వచ్చినప్పుడు పరీక్షిస్తుంది. రాత సరిగ్గా పడితే ఆ గుర్తు తీసేస్తుంది, పడకపోతే ఆ చోటుని వదిలేసి రిజర్వులో ఉన్న సెక్టార్‌ని వాడుకుంటుంది. అప్పుడు 197లో అంకె తగ్గి 5లో పెరుగుతుంది. కాబట్టి 197లో అంకె తగ్గిందని సంబరపడకుండా పక్కనే 5 పెరిగిందేమో చూడాలి. 

199వ వరసది వేరే కథ. డిస్కుకీ మదర్‌బోర్డుకీ మధ్య డేటా ప్రయాణంలో వచ్చిన తప్పుల్ని అది లెక్కపెడుతుంది. ఇది పెరుగుతోందంటే చాలాసార్లు తప్పు డిస్కుది కాదు, కేబుల్‌ది. కేబుల్ మార్చాక ఆ అంకె అక్కడే ఆగిపోతే సమస్య తీరినట్టే. పాత అంకె మాత్రం చెరిగిపోదు, డిస్కు ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది. అలాగే సీగేట్ డిస్కుల్లో 1వ వరసలో కోట్లలో అంకె కనిపించి చాలామందికి టెన్షన్ పుడుతుంది. అది తప్పుల సంఖ్య ఒక్కటే కాదు, చదివిన సార్లతో కలిపి ఒకే అంకెగా రాసే పద్ధతి. దాన్ని చూసి డిస్కు పారేయనక్కర్లేదు.

మరి స్మార్ట్‌ని ఎంతవరకు నమ్మవచ్చు? గూగుల్ ఇంజనీర్లు తమ డేటా సెంటర్లలోని లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి 2007లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అందులో రెండు విషయాలు పక్కపక్కనే పెట్టి చదవాలి. స్కానింగ్‌లో మొదటి తప్పు బయటపడిన డిస్కు, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం మామూలు డిస్కు కంటే 39 రెట్లు ఎక్కువ. ఇంకోవైపు, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో ముఖ్యమైన స్మార్ట్ హెచ్చరికలు ఒక్కటీ కనిపించలేదు. అంటే హెచ్చరిక వస్తే నమ్మి తీరాలి, హెచ్చరిక రాకపోతే మాత్రం ధీమాగా ఉండకూడదు. అప్‌గ్రేడ్ ఆలోచన ఉన్నవాళ్లు ముందుగా అన్ని డిస్కులకీ లాంగ్ టెస్ట్ (డిస్కు తనని తాను పూర్తిగా చదివి చూసుకునే పరీక్ష) నడిపి, ఆ పట్టికని ఒక ఫైల్‌గా దాచుకోవాలి. నెల తర్వాత మళ్లీ తీసి పోల్చుకుంటే ఒక్క అంకె కంటే ఆ తేడానే ఎక్కువ చెబుతుంది.

రెయిడ్ మీద ఎంత భారం వేయొచ్చు?

కొన్ని డిస్కుల్ని ఒక గుంపుగా కట్టి, ఒకటి చెడినా డేటా పోకుండా చూసే రెయిడ్ అనేది స్టెప్నీ టైరు లాంటిది. ఒక టైరు పంక్చరైతే బండి ఆగకుండా చూస్తుంది, బండే లోయలో పడితే దానితో పనిలేదు. ఫైల్ పొరపాటున చెరిపేస్తే అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ తగిలినా, పవర్ సప్లై కాలిపోతూ అన్ని డిస్కుల్నీ తనతో తీసుకుపోయినా రెయిడ్ చేయగలిగేదేమీ లేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు కూడా అప్‌గ్రేడ్ సమయంలో రెయిడ్‌ని బ్యాకప్‌లా వాడేస్తుంటారు. ఒక డిస్కు పీకి, దాని స్థానంలో పెద్దది పెట్టి, రీబిల్డ్ (మిగతా డిస్కుల సాయంతో కొత్తదాన్ని నింపడం) అయ్యాక తర్వాతి దాన్ని పీకుతారు. నాలుగు డిస్కులుంటే నాలుగుసార్లు ఇదే తంతు.

ఇందులో ఉన్న చిక్కు లెక్క వేస్తే తెలుస్తుంది. 10 టీబీ డిస్కు సెకనుకు 200 ఎంబీ వేగంతో ఆగకుండా రాసినా నిండటానికి సుమారు 14 గంటలు పడుతుంది. డిస్కు లోపలి అంచుకి వెళ్లేకొద్దీ వేగం తగ్గుతుంది, మధ్యలో ఇంట్లోవాళ్లు వీడియో చూస్తే ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఒక్కో డిస్కుకి ఒక రోజు వేసుకోవాలి. ఒక్క డిస్కు నష్టాన్నే తట్టుకునే రెయిడ్ 5 అయితే ఆ రోజంతా మిగతా డిస్కుల్లో ప్రతి మూలనీ చదవాలి. అవన్నీ ఒకే వయసువి, చాలాసార్లు ఒకే రోజు కొన్నవి. ఏళ్లుగా ఎవరూ తెరవని ఫోటో ఉన్న సెక్టార్ పాడైందో లేదో అప్పుడే తొలిసారి తెలుస్తుంది, అదీ తప్పు దిద్దడానికి అదనపు డిస్కు లేని సమయంలో. ఇళ్లలో వాడే చాలా డిస్కుల స్పెసిఫికేషన్‌లో 10 టు ది పవర్ 14 బిట్లకు ఒక్కటి మించి చదవలేని తప్పు రాదని రాసి ఉంటుంది. అంటే సుమారు 12.5 టీబీకి ఒకటి. నిజానికి డిస్కులు ఇంతకంటే చాలా బాగా పనిచేస్తాయి, ఆ అంకెని పట్టుకుని రెయిడ్ 5 పనికిరాదని తేల్చేయడం అతి. అయినా ఆ ప్రమాదాన్ని కావాలని నాలుగుసార్లు పిలవడం ఎందుకు?

దీనికి మంచి విరుగుడు స్క్రబ్. అంటే డేటా మొత్తాన్ని ఖాళీ సమయంలో మొదటినుంచి చివరిదాకా చదివించి, తప్పు కనిపిస్తే మిగతా డిస్కుల సాయంతో సరిచేయించడం. డెబియన్ లినక్స్‌లో, సిస్టమ్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయిన ఎండీ రెయిడ్‌కి ఇలాంటి తనిఖీ నెలనెలా మొదటి ఆదివారం దానంతటదే జరుగుతుంది. రెయిడ్ పని కూడా తానే చేసే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో అయితే ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తేల్చే అంకె) ఉంటుంది కాబట్టి ఏ డిస్కులోని కాపీ సరైనదో దానికి తెలుసు. డిస్కులు మార్చే ముందు ఒక పూర్తి స్క్రబ్ తప్పులు లేకుండా ముగియాలి. అది కానిదే స్క్రూడ్రైవర్ ముట్టుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇంకో చిన్న జాగ్రత్త: పెట్టెలో ఒక సాటా పోర్టు (డిస్కు కేబుల్ తగిలించే చోటు) ఖాళీగా ఉంటే పాత డిస్కుని పీకకుండానే కొత్తది పక్కన తగిలించి రీప్లేస్ కమాండ్ ఇవ్వాలి. అప్పుడు పని పూర్తయ్యేదాకా పాత డిస్కు కూడా సేవలోనే ఉంటుంది, రక్షణ ఒక్క నిమిషం కూడా తగ్గదు.

డిస్కులన్నీ మార్చాక కూడా ఖాళీ జాగా పెరగలేదని కొందరు కంగారుపడతారు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక గుంపులోని ఆఖరి చిన్న డిస్కు కూడా మారాకే, అదీ ఆటో ఎక్స్‌పాండ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటేనే, పెరిగిన జాగా దానంతటదే కనిపిస్తుంది. ఉన్న రెయిడ్ జెడ్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్ 5 లాంటిది) గుంపుకి ఒక డిస్కు అదనంగా చేర్చే వీలు చాలా ఏళ్లపాటు లేదు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో అది వచ్చింది. అయితే అలా చేర్చినా పాత ఫైళ్లు పాత నిష్పత్తిలోనే ఉండిపోతాయి, మళ్లీ రాస్తే తప్ప మారవు.

నా మటుకు, స్తోమత ఉంటే ఒక్కో డిస్కూ మార్చే పద్ధతి కంటే కొత్త డిస్కులతో కొత్త గుంపు కట్టి డేటా అంతా కాపీ చేయడమే మేలు. పాత గుంపు చెక్కుచెదరకుండా ఉంటుంది, ఏ దశలో తేడా వచ్చినా వెనక్కి రావచ్చు.

ఆపే ముందు ఆలోచించండి

దుమ్ము దులుపుదామని పాత సర్వర్‌ని ఆపి, మళ్లీ స్విచ్ వేస్తే లేవకపోవడం చాలామందికి ఎదురయ్యే అనుభవం. నిలకడగా తిరుగుతున్న డిస్కు మోటారుకి పెద్దగా శక్తి అక్కర్లేదు. ఆగిన దశ నుంచి తిరగడం మొదలుపెట్టాలంటే మాత్రం కొన్ని సెకన్లపాటు ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అన్ని డిస్కులూ ఒకేసారి లాగేసరికి, లోపల కెపాసిటర్లు ఎండిపోయిన పాత పవర్ సప్లై తట్టుకోలేదు. బేరింగులు అరిగిన డిస్కు కూడా తిరుగుతున్నంతసేపు బాగానే ఉండి, చల్లబడ్డాక మొరాయించవచ్చు. కాబట్టి వరస ఇది: మొదట బ్యాకప్, దాన్ని తెరిచి చూడటం, ఆ తర్వాతే షట్‌డౌన్.

తెరిచాక పవర్ సప్లై వయసు ఏడెనిమిదేళ్లు దాటితే మార్చేయడం మంచిది. మిగతా భాగాలన్నిటితో పోలిస్తే అది తక్కువ ఖర్చు, చెడిపోతే చేసే నష్టం మాత్రం ఎక్కువ. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ కూడా అప్పుడే మార్చేయండి. అది అయిపోతే గడియారం, బయోస్ సెట్టింగులు పోతాయి.

కరెంటు లెక్క కూడా చూసుకోవాలి. 60 వాట్లు లాగే పెట్టె రోజంతా నడిస్తే ఏడాదికి 525 యూనిట్లు అవుతుంది. 20 వాట్లది 175 యూనిట్లు. తేడా పెద్దదే, కానీ ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి చూశాకే నిర్ణయానికి రావాలి. ఎందుకంటే తిరుగుతున్న ఒక్కో పెద్ద డిస్కు ఐదారు వాట్లు లాగుతుంది. ఆరు డిస్కులున్న సర్వర్‌లో ప్రాసెసర్ మార్చితే వచ్చే ఆదా కంటే, ఆరు చిన్న డిస్కుల స్థానంలో రెండు పెద్దవి పెడితే వచ్చే ఆదా ఎక్కువ కావచ్చు.

కొత్త డిస్కుల్లో దాగున్న తిరకాసులు

డిస్కులు రెండు రకాలుగా రాస్తాయి. సీఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు దేనికవి విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్కుల్లో ఒక ట్రాకు అంచు మీద ఇంకోటి ఎక్కేలా రాస్తారు. జాగా ఎక్కువ దొరుకుతుంది, కానీ ఒక చోట మార్చాలంటే పక్కనున్నవన్నీ తిరిగి రాయాలి. మామూలు వాడకంలో ఈ తేడా తెలియదు. ఎందుకంటే డిస్కు ముందుగా ఒక ప్రత్యేకమైన చోట రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. రెయిడ్ రీబిల్డ్‌లో ఆ ఖాళీ దొరకదు. వేగం పాతాళానికి పడిపోతుంది, ఒక్కోసారి డిస్కు జవాబివ్వడం లేదని రెయిడ్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. 2020లో వెస్ట్రన్ డిజిటల్ సంస్థ తన రెడ్ వరుసలో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని వెల్లడించాల్సి వచ్చింది. ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. ఏ కంపెనీదైనా సరే, డబ్బా మీది బొమ్మ చూసి కాకుండా పూర్తి మోడల్ నంబరుతో ఏ రకమో నిర్ధారించుకుని కొనాలి.

ఇంకో తిరకాసు పాత పెట్టెల్లోనే బయటపడుతుంది. కొత్త డిస్కు తగిలిస్తే చప్పుడే చేయదు, బయోస్‌లో కనిపించదు. డిస్కు చచ్చి వచ్చిందని తిరిగి పంపేస్తారు. కొన్ని పెద్ద డిస్కుల్లో సాటా పవర్ కనెక్టర్‌లోని మూడో పిన్నుకి కొత్త అర్థం ఇచ్చారు. అక్కడ 3.3 వోల్టులు అందితే డిస్కు ఆగిపోవాలి. పాత పవర్ సప్లైలు ఆ పిన్నుకి ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి, కాబట్టి డిస్కు ఎప్పటికీ లేవదు. ఆ పిన్ను మీద వేడికి ఊడని సన్నని ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తే పని జరుగుతుంది. కొత్త పవర్ సప్లై కొంటుంటే ఈ విషయం ముందే చూసుకోవడం ఇంకా శుభ్రం.

2 టీబీ దాటిన డిస్కుని పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజిస్తే మిగతా జాగా కనపడదు, జీపీటీ వాడాలి. ఇది ఇప్పుడు అందరికీ తెలిసిందే కాబట్టి ఇంతటితో వదిలేద్దాం.

సాఫ్ట్‌వేర్ వయసు

కొత్త కంప్యూటర్ కొన్నాక పాత సర్వర్ నెట్‌వర్క్‌లో కనిపించడం లేదంటే, చాలాసార్లు కారణం ఎస్ఎంబీ 1. ఫైళ్లు పంచుకునే ఈ పాత పద్ధతిలోని లోపాన్ని వాడుకునే 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో దాన్ని తీసేశారు. 2019లో, లినక్స్‌లో ఇదే పని చేసే సాంబా అనే సాఫ్ట్‌వేర్ కూడా డిఫాల్ట్‌గా ఆపేసింది. పాత రెడీమేడ్ నాస్ (ఫైల్ సర్వర్‌గానే అమ్మే) పెట్టెల్లో కొన్నిటికి అది తప్ప ఇంకోటి రాదు. దాంతో చాలామంది కొత్త కంప్యూటర్‌లోనే ఎస్ఎంబీ 1ని తిరిగి ఆన్ చేసేస్తారు. ఒక పాత పెట్టె కోసం ఇంట్లోని కొత్త యంత్రానికి తలుపు తీసిపెట్టడం అన్నమాట. అప్‌డేట్లు ఆగిపోయిన పెట్టెని మార్చడానికి ఇదొక్కటే చాలినంత కారణం, హార్డ్‌వేర్ ఎంత బాగున్నా సరే.

డిస్కుల్ని కొత్త మదర్‌బోర్డుకి తరలించడం ఎంత తేలికో పాత ఏర్పాటుని బట్టి ఉంటుంది. లినక్స్ ఎండీ రెయిడ్, జెడ్‌ఎఫ్‌ఎస్ రెండూ తమ వివరాల్ని డిస్కుల మీదే రాసుకుంటాయి. వాటిని ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న ఏ లినక్స్ యంత్రానికి తగిలించినా, ఏ పోర్టులో పెట్టినా గుర్తుపడతాయి. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డుతో కట్టిన గుంపైతే సాధారణంగా ఆ కార్డు కుటుంబానికి చెందిన ఇంకో కార్డే కావాలి. అలాంటి కార్డు ఇంకా పనిచేస్తుండగానే డేటా బయటికి తీసుకోవడం తెలివైన పని. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఇంకో హెచ్చరిక: కొత్త సిస్టమ్ ఎక్కించగానే పూల్ (డిస్కుల గుంపు) అప్‌గ్రేడ్ చేయమని ఒక సందేశం కనిపిస్తుంది. అది వెనక్కి తీసుకోలేని పని. ఆ తర్వాత పాత సిస్టమ్ ఆ పూల్‌ని తెరవలేకపోవచ్చు. కొత్తది కొన్ని వారాలు సాఫీగా నడిచాకే దాని జోలికి వెళ్లండి.

కాపీ చేసే రోజు

మామూలు గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది. 4 టీబీ తరలించడానికి పది గంటలు. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఇంకా ఎక్కువ. 2.5 గిగాబిట్ కార్డులు రెండు వైపులా, మధ్యలో అదే వేగం స్విచ్ ఉంటే ఆ సమయం సగం కంటే తగ్గుతుంది. దీనికోసం గోడల్లోని క్యాట్ 5ఈ కేబుళ్లు మార్చనక్కర్లేదు.

కాపీకి ఆర్‌సింక్ మంచి టూల్, దాని స్వభావం తెలిస్తేనే. మామూలుగా అది ఫైల్ సైజు, మారిన తేదీ మాత్రమే పోల్చి చూస్తుంది. రెండూ సరిపోతే ఫైల్ సరిగ్గా ఉందనుకుని ముందుకెళ్లిపోతుంది. కాబట్టి రెండోసారి నడిపి ఏ తేడా చూపించలేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. చెక్‌సమ్ ఆప్షన్‌తో ఇంకోసారి నడిపితేనే రెండు వైపులా ఫైల్ లోపలి వరకు చదివి పోలుస్తుంది. గంటలు పట్టినా ఆ పని చేయాల్సిందే. ఇక డిలీట్ ఆప్షన్‌తో నడుపుతూ పాత, కొత్త స్థానాలు తారుమారు చేస్తే, ఖాళీగా ఉన్న కొత్త డిస్కుని చూసి పాత డిస్కులోని ఫైళ్లన్నీ తుడిచేస్తుంది. ముందు డ్రై రన్‌లో ఏం చేయబోతోందో చదివి, అప్పుడు అసలు కమాండ్ ఇవ్వండి. ఇంకా మంచిది, పాత డిస్కుల్ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేయడం.

తెలుగులో ఫైళ్లకి పేర్లు పెట్టుకునేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. విండోస్‌లో ఫైల్ పేరు 255 అక్షర సంకేతాల దాకా ఉండొచ్చు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. ఫోటోలు అనే చిన్న మాటలోనే మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. మొత్తం పేరులో 85 సంకేతాలు దాటితే చోటు చాలదు. పాతది విండోస్ యంత్రమై కొత్తది లినక్స్ అయితే, పొడవాటి తెలుగు పేర్లున్న ఫైళ్ల దగ్గర కాపీ తప్పు చూపించి వాటిని వదిలేసి ముందుకెళ్తుంది. ఆ తప్పుల లిస్టుని ఫైల్‌లో భద్రం చేసుకోకపోతే ఏ ఫైళ్లు రాలేదో ఎప్పటికీ తెలియదు.

లినక్స్ నుంచి లినక్స్‌కే వెళ్తుంటే ఇంకో చిక్కు వస్తుంది. డిస్కు మీద ఫైల్ యజమాని పేరు ఉండదు, నంబరే ఉంటుంది. పాత పెట్టెలో 1026 అన్న నంబరున్న మనిషికి కొత్త పెట్టెలో 1000 ఇస్తే, తన ఫోటోలు తనకే తెరుచుకోవు. కొత్త సర్వర్‌లో యూజర్లని సృష్టించేటప్పుడే పాత నంబర్లు ఇచ్చేస్తే ఈ గొడవ ఉండదు.

పాత పెట్టె ఏం చేయాలి?

కొత్త సర్వర్ పనిలోకి దిగాక పాతదాన్ని కనీసం రెండు మూడు నెలలు చెరపకుండా ఉంచాలి. ఏ ఫోల్డర్ రాలేదో గుర్తొచ్చేది మొదటి వారంలో కాదు, ఎప్పుడో ఓ పాత పత్రం అవసరమైనప్పుడు. ఆ తర్వాత, పాత డిస్కుల స్మార్ట్ పట్టిక శుభ్రంగా ఉంటే, దాన్ని వారానికోసారి మాత్రమే లేచి బ్యాకప్ తీసుకుని పడుకునే యంత్రంగా మార్చుకోవచ్చు. అది అదే ఇంట్లో ఉంటుంది కాబట్టి నిప్పుకీ నీళ్లకీ దొంగతనానికీ ఇది జవాబు కాదు. మళ్లీ సంపాదించలేని ఫైళ్ల కాపీ ఇంకోటి వేరే చోట ఉండాల్సిందే.

డిస్కుల్ని వదిలించుకునేటప్పుడు ఫార్మాట్ చేస్తే సరిపోదు. మొత్తం సున్నాలతో నింపినా, 5వ వరసలో లెక్కించిన పాత సెక్టార్ల జోలికి మామూలు రాత వెళ్లదు. అక్కడ పాత డేటా తునకలు మిగిలే ఉండొచ్చు. డిస్కులోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం మెరుగైన మార్గం. పనిచేయని డిస్కుకి ఆ ఆదేశం ఇవ్వడం కూడా కుదరదు, దాని పళ్లేలకి రంధ్రం చేయడమే దారి. కొత్త సర్వర్‌ని మొదటి రోజే ఎన్‌క్రిప్షన్‌తో కట్టుకుంటే, ఐదారేళ్ల తర్వాత ఈ తలనొప్పి మళ్లీ రాదు. దాని తాళంచెవిని మాత్రం ఆ సర్వర్ బయట, రెండు వేర్వేరు చోట్ల దాచాలి.